మన సీమలో బీద విద్యార్థి అన్నపు లెక్క

1800 సంవత్సరమున నిజాము ఈ సీమను ఇంగ్లీషు కంపెనీకి వదలుకొనుటచే మనకు దత్తమండలము లను పేరు వచ్చెను. 1882లో బళ్లారి నుండి విడివడి అనంతపురము వేరు జిల్లా అయినది. అయినను కళాశాల చదువు కోరిన పిల్లవాడు చాలకాలము మద్రాసు వంటి దూరపు పట్టణములకు పోవలసి యుండెను. 1916లో అనంతపురమున దత్తమండల కళాశాల వెలసిన పిదప ఆ దూరము తగ్గినది. ఆ తొలి దినములలో సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు కొన్ని నెలలు అచ్చట బోధించిరి. వారును విద్యార్థి వేతనములతో చదివి పైకి వచ్చినవారే. నీలం సంజీవరెడ్డి గారు ఆ కళాశాల విద్యార్థియే.

కళాశాల దగ్గరైనంత మాత్రమున బీదవానికి చదువు అందలేదు. లెక్కలు వ్రాయు వృత్తిలోని వాడను గనుక ఖర్చు పద్దునే ముందు చూతును. ఫీజు ఏడాదికి ఒకటి రెండు మారులు కట్టునది. అన్నము దినమునకు రెండు మారులు తినవలసినది. వాన తప్పిన ఏట సేద్యగాని యింట జొన్నలు, కొఱ్ఱలే కరవగును. పట్టణమందున్న కుమారునికి పంపున దేమి?

ఈ చిక్కునకు పూర్వులు కనిపెట్టిన ఉపాయము వారములు. సోమవారము ఒక యింట, మంగళవారము మరియొక యింట, ఇట్లు ఏడిండ్లు కుదుర్చుకొని పిల్లవాడు భుజించి చదువుకొనును. బ్రహ్మచారి భిక్షాన్నముతో విద్య నేర్వవలెనని స్మృతులు విధించినదానికి ఇది పట్టణపు రూపము. ఆ యింటివారు పొరుగూరు పోయినచో ఆనాడు పస్తే. ఇందు దయ గలదు, హద్దును గలదు. ఆ పంక్తిలో చోటు దొరికినది ఎక్కువగా బ్రాహ్మణ బాలురకే. అంటరానివారని త్రోసివేయబడిన కులముల పిల్లవానిని గడప లోపలికి పిలిచిన యిల్లు అరుదు. ఈ సంగతి దాచి వారములను పొగడుట న్యాయము కాదు.

తరువాత ఆయా కులములవారు తమ బాలురకు వసతి గృహములు కట్టుకొనిరి. 1918లో హైదరాబాదున వెలసిన రెడ్డి హాస్టలు వానిలో పేరుపడినది. షెడ్యూల్డు కులముల విద్యార్థులకు మెట్రిక్యులేషను పై చదువునకు వేతనములు 1944లో గాని మొదలు కాలేదు. 1937 నాటి శ్రీబాగు ఒడంబడికలో అనంతపురమునకు విశ్వవిద్యాలయ కేంద్రము మాట యిచ్చిరి; శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయము 1981లో ఏర్పడినది. మధ్య నలువది నాలుగేండ్లు!

నా యెఱుకలో అన్నపు లెక్కను సరిగా కట్టినది హిందూపురము చేరువనున్న కొడిగెనహళ్లి గురుకుల పాఠశాల. 1972లో ప్రభుత్వము దీనిని నెలకొల్పెను. పరీక్ష పెట్టి పల్లెల బాలురను ఏరుకొని, అన్నము, వసతి, చదువు ఒక్క ప్రాంగణముననే సమకూర్చిరి. ఏడిండ్లు తిరుగు కాలము పుస్తకమునకు మిగిలెను. ఇచ్చటి విద్యార్థులు పలువురు వైద్యులు, ఇంజనీర్లు, అధికారులు అయిరి. 1969లో విన్సెంట్ ఫెర్రర్ గారు స్థాపించిన గ్రామీణాభివృద్ధి సంస్థ పల్లెలలోని బీద బిడ్డలకు, అందును ఆడపిల్లలకు, చదువున తోడ్పడినది.

2008లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కళాశాల ఫీజులను తానే చెల్లింప నారంభించెను. ఫీజు పద్దు తీరినను అన్నపు పద్దు నిలిచియే యుండెను. 2020లో ప్రారంభమైన వసతి దీవెన పథకము క్రింద డిగ్రీ విద్యార్థికి ఏడాదికి 20,000 రూపాయలు నిర్ణయించిరి. పది నెలలకు పంచినచో నెలకు 2,000. అది రెండు కంతులుగా తల్లుల ఖాతాలలో వేయుటకు ఏర్పాటు చేసిరి. హాస్టలు యజమాని మాత్రము నెలనెలా అడుగును.