పోలీసు జట్టు నుంచి వెండితెరకు: ఐ.ఎం. విజయన్

ఇనివలప్పిల్ మణి విజయన్ 1969 ఏప్రిల్ 25న కేరళలోని త్రిశ్శూరులో పుట్టాడు. 1990ల భారత ఫుట్‌బాల్‌లో ఆయన్ని మించిన గోల్ వేటగాడు లేడని చెప్పేవాళ్లు ఇప్పటికీ చాలామంది ఉన్నారు. ఆట చివరి దశలో ఉండగానే సినిమాల్లోకి వచ్చి మలయాళ, తమిళ చిత్రాల్లో పాతికేళ్లకు పైగా నటించాడు. ఈ రెండు వృత్తుల వెనకా కేరళ పోలీసు కొలువు ఉంది. అందుకే ఆయన కథ ఒక్క మనిషి కథతో ఆగదు, మన దేశంలో ఫుట్‌బాల్ ఆటగాడు ఎలా బతికాడన్నదీ అందులోనే కనిపిస్తుంది.

ఈ దేశంలో ఫుట్‌బాల్ చాలాకాలం ఉద్యోగాన్ని అంటిపెట్టుకుని సాగింది. బాగా ఆడే కుర్రవాణ్ని పోలీసు శాఖో, రైల్వేనో, బ్యాంకో, బట్టల మిల్లో తీసుకునేది. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆ ఆటగాళ్లకు పేరు తెచ్చింది బంతి, ఇల్లు గడిపింది పోలీసు జీతం. మూడు దశాబ్దాల తర్వాత కేరళ పోలీసు శాఖ కూడా అదే బాట పట్టి రాష్ట్రంలోని మెరికల్లాంటి కుర్రాళ్లను పోగుచేసింది.

విజయన్‌ది నిరుపేద కుటుంబం. చిన్నతనంలో త్రిశ్శూరు మునిసిపల్ స్టేడియంలో మ్యాచ్‌లు జరిగే రోజుల్లో పది పైసలకో సీసా చొప్పున సోడా అమ్మేవాడు. ఆ మైదానంలోనే బంతి తన్నడం అలవాటైంది. కోచ్ టి.కె. చాతుణ్ణి నడిపిన శిక్షణ శిబిరంలో అతని ఆట పదునెక్కింది. 1987లో, పద్దెనిమిదేళ్లు నిండుతున్న వయసులో, కేరళ పోలీసు జట్టులో చేరాడు. వి.పి. సత్యన్, సి.వి. పాప్పచ్చన్, యు. షరఫ్ అలీ, కురికేశ్ మాథ్యూ వంటి వారు అక్కడ సహచరులు. ఆ జట్టు 1990లో త్రిశ్శూరులో ఫెడరేషన్ కప్పు గెలిచింది, మరుసటి ఏడు కూడా దాన్ని నిలబెట్టుకుంది. కలకత్తా, గోవా క్లబ్బులు ఏలుతున్న ఆటలో ఒక రాష్ట్ర పోలీసు జట్టు వరసగా రెండేళ్లు జాతీయ కప్పు ఎగరేసుకుపోవడం ఆ రోజుల్లో పెద్ద విశేషం.

తర్వాత కలకత్తా పిలిచింది. 1991లో మోహన్ బగాన్‌లో చేరిన విజయన్‌ను అక్కడి అభిమానులు ‘కాలో హరిణ్’ అన్నారు, అంటే నల్ల జింక. వేగంగా దూసుకుపోవడం, ఒడుపుగా మలుపు తిరగడం, గాల్లో ఉన్న బంతిని నేలకు దిగనివ్వకుండానే గోల్‌లోకి కొట్టడం ఆయన ఆట లక్షణాలు. 1990ల నడుమ పంజాబ్‌లోని ఫగ్వాడాకు చెందిన జేసీటీ మిల్స్ జట్టుకు మారాడు. అక్కడ బైచుంగ్ భూటియాతో కుదిరిన జోడీ ప్రత్యర్థి రక్షణ వరుసలకు పెద్ద పరీక్ష అయింది. 1996-97లో తొలిసారి జరిగిన నేషనల్ ఫుట్‌బాల్ లీగ్‌ను జేసీటీ గెలుచుకుంది. 1997లో కొత్తగా పుట్టిన ఎఫ్‌సీ కొచ్చిన్ విజయన్‌ను కేరళకు తిరిగి తెచ్చుకుంది. ఆ ఏడాదే ఆ క్లబ్బు డ్యూరాండ్ కప్పు అందుకుంది. తర్వాతి కాలంలో ఆయన చర్చిల్ బ్రదర్స్, ఈస్ట్ బెంగాల్ జట్లకూ ఆడాడు. 1993, 1997, 1999 సంవత్సరాల్లో దేశంలోకెల్లా ఉత్తమ ఆటగాడిగా ఎంపికయ్యాడు.

భారత జట్టులో ఆయన పేరు చెప్పగానే గుర్తొచ్చేది 1999 దక్షిణాసియా క్రీడలు. ఖాట్మండూలో భూటాన్‌పై ఆట మొదలైన పన్నెండో సెకనులో ఆయన కొట్టిన గోల్, అంతర్జాతీయ ఫుట్‌బాల్‌లో అతి తక్కువ సమయంలో వచ్చిన గోల్స్ లెక్కలోకి చేరింది. దేశం తరఫున చివరి పోటీలు ఆడింది తెలుగు గడ్డమీద. 2003లో హైదరాబాద్ ఆతిథ్యమిచ్చిన ఆఫ్రో-ఆసియా క్రీడల్లో నాలుగు గోల్స్‌తో అందరికన్నా ముందు నిలిచాడు. ఫైనల్లో ఉజ్బెకిస్తాన్ చేతిలో ఒక్క గోల్ తేడాతో ఓడిన భారత్‌కు రజతం దక్కింది. ఆ క్రీడలతో విజయన్ అంతర్జాతీయ ఆట ముగించాడు. అర్జున అవార్డు ఆయనకు ఆ సంవత్సరమే దక్కింది.

సినిమా ఆయన జీవితంలోకి అంతకు ముందే వచ్చింది. 1998లో చెరియన్ జోసెఫ్ విజయన్ మీద ఒక డాక్యుమెంటరీ తీసి, అభిమానులు పెట్టిన పేరునే దానికి పేరుగా పెట్టాడు. కొద్దికాలానికి మలయాళ దర్శకుడు జయరాజ్ ‘శాంతం’ చిత్రంలో ప్రధాన పాత్రకు ఆయన్ని ఎంచుకున్నాడు. పార్టీల పగలో స్నేహితుణ్నే చంపిన యువకుడు వేలాయుధన్ పాత్ర అది. ఆటగాడి పేరు చూసి టికెట్లు తెగాలని తీసిన సినిమా కాదు. అందులో బంతి లేదు, మైదానం లేదు. చేసిన హత్య బరువు మోస్తున్న మనిషి మౌనాన్ని చూపించాల్సి వచ్చింది. 2000వ సంవత్సరానికి ఉత్తమ చలనచిత్రంగా ‘శాంతం’ జాతీయ అవార్డు గెలిచింది. అందులోనే నటించిన కె.పి.ఎ.సి. లలితకు ఉత్తమ సహాయ నటి పురస్కారం లభించింది.

తమిళ పరిశ్రమ ఆయనలో మరొకటి చూసింది. నల్లని మేని ఛాయ, దృఢమైన శరీరం, నిలకడైన చూపు ప్రతినాయక పాత్రలకు సరిపోయాయి. 2006లో విశాల్ కథానాయకుడుగా వచ్చిన ‘తిమిరు’తో విజయన్ తమిళ ప్రేక్షకులకు తెలిసిన ముఖమయ్యాడు. ఆ తర్వాత ‘కొంబన్’లోనూ కనిపించాడు. 2019లో అట్లీ దర్శకత్వంలో వచ్చిన ‘బిగిల్’లో అలెక్స్ అనే రౌడీగా చేశాడు. ఆ చిత్ర కథ మహిళల ఫుట్‌బాల్ జట్టు చుట్టూ తిరుగుతుంది. అయినా దేశానికి ఆడిన స్ట్రైకర్‌కు అందులో బంతితో పని పడలేదు.

తెలుగువాళ్లకు ఆయన ముఖం పరిచయమైంది డబ్బింగ్ బొమ్మల ద్వారానే. ‘తిమిరు’ తెలుగులో ‘పొగరు’గా, ‘బిగిల్’ ‘విజిల్’గా వచ్చాయి.

ఆటగాడు తెర ఎక్కడం కొత్త సంగతి కాదు. 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన భారత జట్టు నాయకుడు చునీ గోస్వామి ఆ తర్వాత ఒక బెంగాలీ చిత్రంలో కనిపించాడు. 1981 నాటి ‘ఎస్కేప్ టు విక్టరీ’లో పెలే, బాబీ మూర్ ఆటగాళ్లుగానే నటించారు. ఫ్రెంచ్ ఆటగాడు ఎరిక్ కాంటొనా 1997లో, ముప్ఫై ఏళ్లకే ఆట మానేసి, మరుసటి ఏడు ‘ఎలిజబెత్’లో ఫ్రెంచ్ రాయబారి వేషం కట్టాడు. 1988లో వింబుల్డన్ జట్టుతో ఎఫ్ఏ కప్పు గెలిచిన విన్నీ జోన్స్‌కు మైదానంలోని మొరటుతనమే 1998 నుంచి రౌడీ పాత్రలు తెచ్చిపెట్టింది. విజయన్ తమిళ పాత్రలు జోన్స్ బాటకు దగ్గర. అయితే మైదానంలో మొరటు ఆటగాడన్న పేరు విజయన్‌కు లేదు. పైగా ఆయన మొదటి పెద్ద పాత్ర అసలు ఆ కోవకు చెందినదే కాదు.

2021లో మళ్లీ అలాంటి పాత్ర దొరికింది. విజీష్ మణి దర్శకత్వంలో కురుంబ భాషలో తీసిన ‘మ్‌మ్‌మ్’ చిత్రానికి ఆయనే కథానాయకుడు. తేనె తీసి బతికే అడవి బిడ్డల కథ అది. కురుంబ ద్రావిడ కుటుంబంలోని చిన్న భాష. ఇలాంటి భాషల్లో పూర్తి నిడివి కథాచిత్రాలు రావడం అరుదు. ఆ అరుదైన ప్రయత్నంలో ముందు నిలిచింది ఒక మాజీ ఫుట్‌బాల్ ఆటగాడు.

ఆట ముగిశాక విజయన్ తిరిగి కేరళ పోలీసు శాఖలో చేరాడు. మలప్పురంలోని మలబార్ స్పెషల్ పోలీసు విభాగంలో అధికారిగా పనిచేస్తూనే సినిమాలు చేశాడు. ఆయన తరం ఆటగాళ్లకు క్లబ్బు ఇచ్చిన డబ్బు ఆడినన్నాళ్లే ఉండేది. వయసు మళ్లాక కూడా నిలిచే ఆదాయం సర్కారు కొలువు ఒక్కటే. నెలజీతం చేతికి వస్తున్నవాడు సినిమా వేషం కోసం తొందరపడనక్కర్లేదు. ఆ తరం తర్వాత 2014లో ఇండియన్ సూపర్ లీగ్ మొదలై, ఆటగాళ్లు క్లబ్బు కాంట్రాక్టుల మీదే బతికే పద్ధతి బలపడింది. శాఖల జట్ల ప్రాధాన్యం తగ్గింది.

2025 జనవరిలో కేంద్ర ప్రభుత్వం విజయన్‌కు పద్మశ్రీ ప్రకటించింది. అదే ఏడాది ఏప్రిల్ నెలాఖరున ఆయన పోలీసు కొలువు నుంచి పదవీ విరమణ చేశాడు.