రెండు రాష్ట్రాల నడుమ నర్సింగ్ సీటు: ఉర్లా తెలుగు విద్యార్థులు దరఖాస్తుకు ముందు తెలుసుకోవలసినవి

రాయ్‌పూర్ శివార్లలోని ఉర్లా పారిశ్రామికవాడలో ఉక్కు, రోలింగ్ మిల్లులు, ఫౌండ్రీలు దేశంలోని పలు ప్రాంతాల వారికి ఉపాధినిస్తున్నాయి. రాయ్‌పూర్–విజయనగరం రైలుమార్గం 1931లో పూర్తయిన నాటి నుంచి ఉత్తరాంధ్రకూ ఛత్తీస్‌గఢ్ మైదానానికీ రాకపోకలు సాగుతున్నాయి. ఉపాధి వెంట వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు పన్నెండో తరగతి తరువాత బి.ఎస్సీ. నర్సింగ్‌కు దరఖాస్తు చేసేటప్పుడు ఒక ప్రత్యేకమైన చిక్కు ఎదురవుతుంది. మార్కులు ఉన్నా, ఏ రాష్ట్రంలో ‘స్థానికులు’, ఏ రాష్ట్ర జాబితా ప్రకారం రిజర్వేషన్ అన్న ప్రశ్నలకు పత్రాల రూపంలో జవాబు లేకపోతే సీటు చేజారుతుంది. అందువల్ల ఏ ద్వారం గుండా ప్రవేశించాలన్నది ముందే నిర్ణయించుకోవడం అవసరం.

అందరికీ వర్తించే అర్హతలు

బి.ఎస్సీ. నర్సింగ్ 4 సంవత్సరాల కోర్సు. దీనికి ప్రమాణాలను 1947 నాటి చట్టం కింద ఏర్పడిన భారత నర్సింగ్ మండలి నిర్దేశిస్తూ వచ్చింది. ఆ చట్టం స్థానంలో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ ఏర్పాటుకు పార్లమెంటు 2023లో కొత్త చట్టం చేసింది.

మండలి నిబంధనల ప్రకారం ప్రవేశం పొందే సంవత్సరం డిసెంబరు 31 నాటికి అభ్యర్థికి 17 ఏళ్లు నిండాలి. పన్నెండో తరగతిలో భౌతిక, రసాయన, జీవశాస్త్రాలతోపాటు ఆంగ్లం కూడా ఉత్తీర్ణులై ఉండాలి. సైన్సు పాఠ్యాంశాల్లో మొత్తం మీద 45 శాతం మార్కులు అవసరం. షెడ్యూల్డు కులాలు, షెడ్యూల్డు తెగలు, ఇతర వెనుకబడిన తరగతుల వారికి ఇది 40 శాతం. వైద్యపరంగా ఆరోగ్యవంతులై ఉండాలి. వివాహితులు కూడా అర్హులే. ప్రవేశాలు ఏడాదికి ఒక్కసారే జరుగుతాయి కాబట్టి ఒక గడువు దాటితే ఏడాది నష్టపోయినట్లే.

మొదటి ద్వారం: ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర కోటా

రాష్ట్రంలో ప్రవేశ పరీక్షను ఛత్తీస్‌గఢ్ వృత్తి పరీక్షల మండలి నిర్వహిస్తుంది. స్థానికంగా అందరూ ‘వ్యాపం’ అని పిలిచేది దీనినే. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే చేయాలి. ఫలితాల తరువాత సీట్ల కేటాయింపు బాధ్యత వైద్య విద్యా సంచాలనాలయానిది. రాష్ట్రంలోని నర్సింగ్ కళాశాలలకు రాయ్‌పూర్ కేంద్రంగా ఉన్న పండిట్ దీన్‌దయాళ్ ఉపాధ్యాయ స్మారక ఆరోగ్య విజ్ఞాన, ఆయుష్ విశ్వవిద్యాలయం డిగ్రీలు ఇస్తుంది.

పరీక్ష ఒక సంస్థది, కౌన్సెలింగ్ మరొక సంస్థది అన్న సంగతి గుర్తుంచుకోవాలి. పరీక్షలో మంచి ర్యాంకు వచ్చినంత మాత్రాన సీటు దానంతట అదే రాదు. కౌన్సెలింగ్‌కు మళ్లీ విడిగా నమోదు చేసుకోవాలి, కళాశాలల ప్రాధాన్య క్రమం ఇవ్వాలి, కేటాయింపు వచ్చాక గడువులోగా అసలు పత్రాలతో హాజరు కావాలి. సీట్లు మిగిలిన సంవత్సరాల్లో కనీస పర్సంటైల్‌ను సడలించిన సందర్భాలు ఉన్నాయి. అయితే అటువంటి సడలింపు చివరి దశలో వెలువడుతుంది. దానిపై ఆధారపడి పరీక్షను తేలికగా తీసుకోవడం శ్రేయస్కరం కాదు.

రాష్ట్ర కోటాకు కీలకమైనది మూల నివాస ధ్రువపత్రం. రాష్ట్రంలో జన్మించడం, తాను లేదా తల్లిదండ్రులు 15 ఏళ్లుగా నిరంతరం నివసించడం, ఇక్కడి పాఠశాలల్లో చదవడం వంటి అంశాలను ఇందుకు పరిగణిస్తారు. లోక్ సేవా కేంద్రం లేదా చాయిస్ సెంటర్ ద్వారా దరఖాస్తు చేయవచ్చు. అద్దె ఇళ్లు మారుతూ జీవించిన కార్మిక కుటుంబాలకు పాత చిరునామాల ఆధారాలు కూర్చుకోవడానికి సమయం పడుతుంది. పాఠశాల రికార్డులు, రేషన్ కార్డు, ఓటరు జాబితా ప్రతులు, కర్మాగారం ఇచ్చిన ఉద్యోగ పత్రాలు ఇక్కడ అక్కరకు వస్తాయి.

కుల ధ్రువపత్రం: వలస కుటుంబాలకు అసలు చిక్కు

షెడ్యూల్డు కులాలు, తెగల జాబితాలను రాజ్యాంగంలోని 341, 342 అధికరణాల కింద రాష్ట్రాలవారీగా ప్రకటిస్తారు. ఒక రాష్ట్రంలో ఉన్న హోదా మరో రాష్ట్రానికి వెంట వస్తుందా అన్న ప్రశ్నపై సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 1990లో తీర్పు చెప్పింది. ఆ కేసు కూడా ఒక తెలుగు కుటుంబానిదే. ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డు తెగ ధ్రువపత్రం ఉన్న తండ్రి ఉద్యోగరీత్యా బొంబాయి వెళ్లగా, అక్కడ చదివిన కుమారుడు మహారాష్ట్ర వైద్య కళాశాలల్లో తెగల కోటా సీటు కోరారు. మర్రి చంద్రశేఖరరావు కేసుగా పేరొందిన ఈ వ్యవహారంలో, స్వరాష్ట్రంలోని హోదా ఆధారంగా వలస వెళ్లిన రాష్ట్రంలో రిజర్వేషన్ పొందే హక్కు లేదని న్యాయస్థానం తేల్చింది.

ఛత్తీస్‌గఢ్‌లో దీనికి తోడు తేదీల నిబంధన ఉంది. కుటుంబ పూర్వికులు షెడ్యూల్డు కులాలైతే 1950 ఆగస్టు 10 నాటికి, షెడ్యూల్డు తెగలైతే 1950 సెప్టెంబరు 6 నాటికి, ఇతర వెనుకబడిన తరగతులైతే 1984 డిసెంబరు 26 నాటికి ఈ ప్రాంత నివాసులై ఉన్నట్లు చూపాలి. ఆ కులం పేరు ఛత్తీస్‌గఢ్ జాబితాలో ఉండాలి. అంటే 1990లలో ఉర్లా వచ్చిన కుటుంబంలోని విద్యార్థినికి మూల నివాస ధ్రువపత్రం లభించవచ్చు గాని, రాష్ట్ర రిజర్వేషన్ లభించకపోవచ్చు. అటువంటి వారు సాధారణ కేటగిరీకి అవసరమైన 45 శాతం మార్కులను లక్ష్యంగా పెట్టుకోవాలి.

రెండవ ద్వారం: ఎయిమ్స్

రాయ్‌పూర్‌లోనే టాటీబంధ్ వద్ద 2012లో ప్రారంభమైన ఎయిమ్స్‌లో బి.ఎస్సీ. ఆనర్స్ నర్సింగ్ కోర్సు ఉంది. దీనికి ఢిల్లీ ఎయిమ్స్ అఖిల భారత స్థాయిలో ప్రవేశ పరీక్ష నిర్వహిస్తుంది. ఈ కోర్సుకు మహిళా అభ్యర్థుల నుంచే దరఖాస్తులు కోరుతూ వచ్చారు. ఇక్కడ కనీస మార్కులు ఎక్కువ: సాధారణ, ఇతర వెనుకబడిన తరగతుల వారికి 55 శాతం, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి 50 శాతం. దరఖాస్తు రెండు దశల్లో ఉంటుంది. ప్రాథమిక నమోదు ఆమోదం పొందిన వారే తుది నమోదుకు అర్హులు. మొదటి దశను విస్మరిస్తే రెండో దశకు అవకాశం ఉండదు.

కేంద్ర సంస్థ కావడం వల్ల వలస కుటుంబాలకు ఇక్కడ ఊరట ఉంది. స్వరాష్ట్రానికి సంబంధించిన హోదా కేంద్ర రిజర్వేషన్లకు చెల్లుతుంది. షెడ్యూల్డు కులాలు, తెగల విషయంలో తండ్రికి స్వరాష్ట్రంలో ఇచ్చిన ధ్రువపత్రం ఆధారంగా ప్రస్తుతం నివసిస్తున్న రాష్ట్రంలోని అధీకృత అధికారి పత్రం జారీ చేయవచ్చు. వెనుకబడిన తరగతుల వారు తమ కులం కేంద్ర జాబితాలో ఉన్నదీ లేనిదీ చూసుకుని, కేంద్రం నిర్దేశించిన నమూనాలోనే సంపన్న శ్రేణికి చెందరన్న పత్రం పొందాలి.

మూడవ ద్వారం: తెలుగు రాష్ట్రాలు

ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం, తెలంగాణలో వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం కన్వీనర్ కోటా ప్రవేశాలు చేపడతాయి. తెలంగాణలో ఇందుకు ఈఏపీసెట్ ర్యాంకు ప్రాతిపదిక.

371-డి అధికరణ కింద వెలువడిన 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు 85 శాతం సీట్లను స్థానికులకు కేటాయించింది. ఉర్లాలో చదివిన విద్యార్థి తెలుగు కుటుంబానికి చెందినా అక్కడ స్థానికేతరుడే అవుతాడు. మిగిలిన 15 శాతం సీట్లకు మాత్రం, తల్లిదండ్రుల్లో ఒకరు ఆ రాష్ట్రంలో మొత్తం 10 ఏళ్లు నివసించినట్లు చూపితే పోటీ పడే వీలును ఆ ఉత్తర్వు కల్పించింది. సొంతూరి తహసీల్దారు కార్యాలయం నుంచి ఆ నివాస ధ్రువపత్రం తెచ్చుకోవాలి. రాష్ట్ర విభజనకు పదేళ్లు నిండిన తరువాత నిబంధనల్లో మార్పులు వచ్చినందున ఆ ఏటి ప్రకటనను తప్పక చదవాలి.

కళాశాలను ఎంచుకునే ముందు

మధ్యవర్తుల మాట మీద ప్రైవేటు కళాశాలలో రుసుము చెల్లించే ముందు ఆ సంస్థకు ఆ విద్యా సంవత్సరానికి గుర్తింపు ఉన్నదో లేదో పరిశీలించాలి. రాష్ట్ర నర్సుల రిజిస్ట్రేషన్ మండలిలో పేరు నమోదైతేనే నర్సుగా పని చేయడం సాధ్యం. గుర్తింపు లేని కళాశాలలో చదివితే ఆ నమోదు దక్కదు. శిక్షణ ఏ ఆసుపత్రిలో ఇస్తారు, వసతి గృహం ఉందా, మొత్తం రుసుము ఎంత అన్నవి రాతపూర్వకంగా తెలుసుకోవాలి.

డిగ్రీ సీటు రాని వారికి 3 సంవత్సరాల జి.ఎన్.ఎం. డిప్లొమా మరో మార్గం. దాని తరువాత 2 సంవత్సరాల పోస్ట్ బేసిక్ బి.ఎస్సీ. ద్వారా డిగ్రీ పొందవచ్చు.

పదకొండో తరగతిలోనే చేయవలసిన పనులు

పదో తరగతి మార్కుల జాబితాలో, ఆధార్‌లో, కుల ధ్రువపత్రంలో పేరు, తండ్రి పేరు ఒకే విధంగా ఉన్నాయో లేదో చూసుకోవాలి. తెలుగు ఇంటిపేర్లు హిందీ రికార్డుల్లో చివరకు చేరడమో, పొడి అక్షరంగా మిగలడమో కారణంగా తేడాలు రావచ్చు. మూల నివాస పత్రానికి అప్పుడే దరఖాస్తు చేయాలి. తండ్రి కుల ధ్రువపత్రం సొంతూరిలో ఉంటే తదుపరి ప్రయాణంలో తెచ్చుకోవాలి. పరీక్షకు చదవడానికి ఒక ఏడాది చాలవచ్చు గాని, రెండు రాష్ట్రాల కార్యాలయాల నుంచి పత్రాలు సమకూర్చుకోవడానికి దరఖాస్తు గడువులోని కొద్ది వారాలు చాలవు.