మతి చలించిన మనిషి – పోలీసు బాధ్యత: నాడు, నేడు

సంపాదక మిత్రులు ఈ ప్రత్యేక సంచికకు పాత రికార్డుల సంగతి ఏదైనా రాయమన్నారు. నేను చరిత్రకారుణ్ణి కాను. 1973 నుంచి 2009 వరకు వేరు వేరు కోర్టుల్లో గుమాస్తాగా ఫైళ్ళు కుట్టినవాణ్ణి. ఆ ఫైళ్ళలో ఒకటి ఈనాటికీ నా మనస్సులో మూతపడలేదు. దాని సంగతే రాస్తున్నాను.

మా చిన్నతనంలో నాయుడుపేటలో ఎవరైనా తిక్కగా మాట్లాడితే "వీణ్ణి కీల్పాక్‌కు పంపాలిరా" అనేవారు. 1953 దాకా మనది మద్రాసు రాష్ట్రమే గదా! 1794లో కుంపిణీవారి కాలంలో మొదలై, 1871లో కీల్పాక్‌కు మారిన పిచ్చాసుపత్రి పేరు మన నోళ్ళలో అలా నిలిచిపోయింది. విశాఖ వైపు వారు చినవాల్తేరు అంటారు, హైదరాబాదు వారు ఎర్రగడ్డ అంటారు. మనది రైలు దారి కాబట్టి, ఎక్కడో ఎక్కి ఇక్కడ దిగి, తామెవరో చెప్పలేక స్టేషను దగ్గర తిరిగే అభాగ్యులను చూస్తూనే పెరిగాం. పిల్లలు రాళ్ళు వేసేవారు. పెద్దలు పోలీసులకు కబురు పెట్టేవారు.

అప్పుడు అమలులో ఉన్నది 1912 నాటి లూనసీ చట్టం. ఆ చట్టం 13వ సెక్షను ప్రకారం, దిక్కు లేకుండా తిరిగే మతిలేనివాణ్ణి ఠాణా అధికారి అరెస్టు చేయవచ్చు. ప్రమాదకారి అనిపిస్తే అరెస్టు చేసి తీరాలి. తరువాత మేజిస్ట్రేటు ముందుకు తేవాలి. డాక్టరు పరీక్ష కోసం మేజిస్ట్రేటు అతణ్ణి విడతకు పది రోజుల చొప్పున ముప్పై రోజుల దాకా నిర్బంధంలో ఉంచవచ్చు. గమనించండి, రోగికి చట్టం వాడిన మాట "అరెస్టు". జబ్బు చేసిన మనిషికి ముందు కనబడేది డాక్టరు కాదు, పోలీసు.

1978లో నేను పనిచేసే కోర్టుకు (ఊరు పేరు అనవసరం) ఇద్దరు కానిస్టేబుళ్ళు ఒక నలభై ఏళ్ళ మనిషిని తెచ్చారు. చేతులకు కొబ్బరి తాడు. విప్పితే మణికట్లు రెండూ వాచి, తోలు లేచి ఉన్నాయి. వీపు మీద చారలు. ఆయన మాత్రం శుద్ధమైన తెలుగులో సంధి సూత్రాలు అప్పజెప్పుతున్నాడు. ఎక్కడో పంతులుగా పని చేసినవాడయి ఉంటాడు. పోలీసు కాగితంలో "ఒంటిపై గాయములు లేవు" అని ఉంది.

"గుమాస్తా గారూ, తొందరగా కానివ్వండి, బస్సు పోతుంది" అన్నాడు కానిస్టేబు.

నేను కానిచ్చాను. కాగితంలో ఉన్నది ఉన్నట్టే రిజిస్టరులోకి ఎక్కించాను. అయ్యగారు తలెత్తకుండా సంతకం చేశారు. "అయ్యా, చేతులు చూడండి" అని నేను ఒక్క మాట అంటే చూసేవారే. అనలేదు. కొత్త ఉద్యోగం, పోలీసులతో మనకెందుకన్న భయం. వెళ్తూ వెళ్తూ ఆయన నాకు నమస్కారం పెట్టాడు. తరువాత ఏమయ్యాడో తెలియదు.

ఆ తరువాత కాలం కొంత మారింది. బీహారులో రుదుల్ షా అనే ఆయన 1968లో నిర్దోషిగా తేలినా 1982 దాకా జైల్లోనే ఉండిపోయాడు. మతి సరిగా లేదు కనుక ఉంచామని ప్రభుత్వం చెప్పుకున్నది. 1983లో సుప్రీంకోర్టు ఆ మాట ఒప్పుకోక, మొత్తం 35 వేల రూపాయలు ఇప్పించింది. నేరం చేయని మానసిక రోగులను జైళ్ళలో పెట్టడం చట్ట విరుద్ధమని 1993లో షీలా బర్సే కేసులో తేల్చింది. అదే ఏడు ఏప్రిల్ 1న 1987 నాటి మానసిక ఆరోగ్య చట్టం అమలులోకి వచ్చి, 1912 చట్టం పోయింది. "అరెస్టు" మాట పోయి "రక్షణలోకి తీసుకొనుట" వచ్చింది. అయినా వెళ్ళవలసింది మేజిస్ట్రేటు దగ్గరకే.

1996లో డి.కె. బసు కేసు తీర్పు వచ్చింది. అరెస్టయిన మనిషి కోరితే అప్పుడే పరీక్ష చేయించి, ఒంటి మీది చిన్నా పెద్దా గాయాలన్నీ కాగితం మీద పెట్టి, ఇద్దరూ సంతకాలు చేసి, ప్రతి అతనికివ్వాలి. ఆ తీర్పు చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో అగ్నిప్రమాదం జరిగి, గొలుసులతో కట్టివేసిన 28 మంది రోగులు కాలిపోయారు. 2017 చట్టం గొలుసులను పూర్తిగా నిషేధించింది. 2018 నుంచి అమలులో ఉన్న ఆ చట్టం 100వ సెక్షను ప్రకారం, తనను తాను చూసుకోలేని స్థితిలో తిరిగే రోగిని పోలీసులు రక్షణలోకి తీసుకుని, 24 గంటలు దాటకుండా దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి. ఎట్టి పరిస్థితిలోనూ లాకప్పులో పెట్టరాదు. ఇల్లూ వాకిలీ తెలియని వాడైతే, తప్పిపోయిన మనిషిగా కేసు కట్టి, కుటుంబాన్ని వెతికే బాధ్యత స్టేషను అధికారిదే. చట్టాన్ని మీరితే మొదటిసారికి ఆరు నెలల దాకా జైలు, లేదా పదివేల దాకా జరిమానా, లేదా రెండూ.

కాగితం మీద ఇంత ఉండగా 2020 మే 16న విశాఖపట్నంలో ఏం జరిగిందో మీరంతా టీవీలో చూశారు. నర్సీపట్నం ఆసుపత్రి మత్తు డాక్టరు సుధాకర్ గారు, కరోనా రోజుల్లో మాస్కులు లేవని మాట్లాడి ఏప్రిల్‌లో సస్పెండయినవారు. చొక్కా లేని ఆయన చేతులు వెనక్కి తాడుతో కట్టి, నడిరోడ్డు నుంచి పట్టుకుపోయారు. తాగి గొడవ చేశాడని పోలీసులన్నారు. ఆయనను మానసిక వైద్యశాలకు పంపారు. కొట్టిన కానిస్టేబును సస్పెండ్ చేశారు. హైకోర్టు ఒక లేఖనే పిటిషనుగా తీసుకుని విచారించి, మే 22న సీబీఐ దర్యాప్తుకు ఆదేశించింది. ప్రభుత్వ నివేదికలో ఒక్క గాయం, న్యాయాధికారి నమోదు చేసినవి ఆరు గాయాలు – ఈ తేడాను కోర్టు పట్టుకుంది. సుధాకర్ గారు 2021 మేలో గుండెపోటుతో పోయారు.

ఆయన తాగారా, జబ్బు పడ్డారా, మామూలుగానే ఉన్నారా అన్న వివాదంలోకి నేను పోను. మూడింటిలో ఏది నిజమైనా ఆ తాడుకు సమాధానం లేదు. కానీ "ఒకటి, ఆరు" అని పత్రికలో చదివినప్పుడు నాకు కనబడింది 1978 నాటి మణికట్లు. విశాఖలో ఎవరో ఒకరు ఉన్నది ఉన్నట్టు లెక్క రాశారు. నేను రాయలేదు. అదే తేడా.

పోలీసులనే అనడం న్యాయం కాదు. అర్ధరాత్రి ఇంట్లో పిల్లవాడు కత్తి పట్టుకుంటే మనం పిలిచేది వాళ్ళనే. వాళ్ళకు లాఠీ ఇచ్చారు గాని, అలాంటి మనిషితో మాట్లాడే పద్ధతి ఎంతమందికి నేర్పారు? అయితే నేర్పకపోవడం వేరు, దాచిపెట్టడం వేరు. రెండోదానికి మాత్రం క్షమాపణ లేదు.

ఇది మనకు సంబంధించని సంగతి అనుకోకండి. మన ఈడు వారికి మతిమరుపు జబ్బు వస్తున్నది. పొద్దున పాలకని బయలుదేరి ఇల్లు మరచిపోయే రోజు మనలో ఎవరికైనా రావచ్చు. జ్ఞాపకం, దిక్కు తెలివి తీవ్రంగా దెబ్బతినడం కూడా 2017 చట్టం చెప్పిన మానసిక రోగం కిందికి రాగలదు. కనుక జేబులో పేరు, ఫోను నంబరు రాసిన చీటీ ఉంచుకోండి. ఇంట్లో ఎవరికైనా మనసు చెదిరితే 14416కు ఫోను చేయండి. 2022లో కేంద్రం పెట్టిన టెలిమానస్ నంబరు అది, తెలుగులో మాట్లాడతారు. పోలీసులు తీసుకెళ్తే స్టేషనుకు ఒక్కరే పోకండి, ఇద్దరు ముగ్గురు పెద్దలు వెళ్ళండి. 100వ సెక్షను పేరెత్తి, ఆసుపత్రికి చేర్చమని అడగండి. గాయాలుంటే డాక్టరు చేత ఒక్కటీ వదలకుండా రాయించండి.

ఇప్పుడు సర్వీసులో ఉన్న మన పిల్లలకు నాదొక మనవి. కళ్ళకు కనబడింది కాగితం మీద లేకపోతే, పై అధికారికి ఒక్క మాట చెప్పండి. బస్సు పోతే ఇంకో బస్సు వస్తుంది.