చేను ఒకరిది, మెసేజి ఒకరికి

2020 మే 15, శుక్రవారం. పుంగనూరు దగ్గర ఒక పల్లె. మొగుడూ పెళ్లాం పొద్దున్నుంచీ టమోటా కోస్తున్నారు. పసరు పట్టి ఆమె వేళ్లు నల్లబడ్డాయి. సబ్బుకు లొంగే రకం కాదది, పండుకాయ ఒకటి పిసికి రుద్దుకుంటేనే వదులుతుంది. గట్టు మీద ఫోను మోగింది. బెంగళూరు నుంచి చేను సొంతదారు. అక్కడ ఆయనకో చిన్న అంగడి, లాక్‌డౌన్ మొదలైనప్పటి నుంచీ మూసే ఉంది.

"ఏమప్పా, రైతు భరోసా దుడ్లు పడినాయి. ఐదు వేల ఐదు నూర్లు. నీకూ వచ్చిందా?"

"మాకెట్ల వస్తాదన్నా? కాగితంలో రైతువి నువ్వు కదా."

ఈ మాటలు మేం అల్లినవి. ఇలాంటి గుత్త (కౌలు) చేలు ఇక్కడ ఊరూరా ఉన్నాయి కాబట్టి పేర్లతో పనిలేదు. తేదీలు, లెక్కలు మాత్రం నిజమైనవి.

ఆ రోజు అప్పటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి జగన్ బటన్ నొక్కితే 49 లక్షలకు పైగా కుటుంబాలకు డబ్బు జమైంది. కేంద్రం పీఎం కిసాన్ కింద ఏప్రిల్‌లో వేసిన 2,000తో కలిపి తొలి విడత 7,500. అప్పట్లో ఏడాదికి 13,500. ఎకరం ఉన్నా ఐదెకరాలున్నా అంతే. కట్టెలు పాతి, తీగ కట్టి పెంచే టమోటాకు ఆ సొమ్ము ఏ మూలకూ రాదు. అయినా ఆ వేసవిలో అదీ గొప్పే. మదనపల్లె మండీకి కాయ పోటెత్తే కాలం. ఆ కాయ పోయే చెన్నై కోయంబేడు మార్కెట్టేమో మే 5న మూతపడింది. కోత కూలీ, బండి బాడుగా పోను చేతికి ఏం మిగులుతుందో కోసే ముందే తెలిసిపోయేది. కొందరు తోటల్లోకి ఆవులను వదిలేశారు.

ఈ గుత్త రైతు బీసీ. నిబంధనల ప్రకారం అర్హుడే. కేంద్రం వాటా కౌలుదారుకు రాదు గనక, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలుదారులకు మొత్తం 13,500 రాష్ట్రమే ఇస్తానంది. ఓసీ గుత్త రైతుకైతే ఆ దారీ ఉండేది కాదు. కావలసిందల్లా 2019 నాటి సాగుదారుల హక్కుల చట్టం కింద ఇచ్చే హక్కు పత్రం, అంటే కార్డు. పదకొండు నెలల ఒప్పందం, సొంతదారు భూమి హక్కుకు ఢోకా లేదని చట్టమే చెప్పింది. కానీ ఆ ఒప్పందం మీద ఆయన సంతకం ఉండాల్సిందే. అప్పటి తెలంగాణ రైతుబంధులో కౌలుదారు ఊసే ఉండేది కాదు. ఇక్కడ ఊసెత్తారు గానీ కౌలుదారు బతుకును ఇంకొకరి కలానికి వదిలేశారు.

ఆ ఇంటికి అందినవి వేరే: రేషన్ కార్డు మీద గ్రామ వాలంటీరు తెచ్చిచ్చిన వెయ్యి, ఆమె జన్‌ధన్ ఖాతాలో నెలకు 500 చొప్పున మూణ్నెల్లు, ఉచిత బియ్యం. పేదలకిచ్చినవే అన్నీ, రైతుకిచ్చింది ఒక్కటీ లేదు.

"ఆ కార్డుకు ఒక్క సంతకం పెడితే మాకూ వస్తాది గదన్నా. నీది నీకు పడుతూనే ఉంటాది."

అవతల కాసేపు మాట లేదు. "ఒక పని చెయ్యి. ఈ తూరి గుత్తలో ఏడున్నర వేలు తగ్గించుకో. సంతకం మాటెత్తొద్దు."

పెళ్లాం వినింది. "దుడ్లు వదులుకుంటాడంట, సంతకం పెట్టడంట! రేపు పంట పోతే ఇన్సూరెన్సు ఎవరి పేరున వస్తాదో అడగవయ్యా."

ఆయన అడగలేదు. మళ్లీ ఏడాదికీ అదే చేను కావాలి.