మట్టిమిద్దె నుండి స్లాబు వరకు
కలువాయి సీమ ఇళ్ళలో ఎండకు అడ్డుకట్ట

నెల్లూరుకు పడమరగా, పెన్నానదికి దక్షిణపు గట్టున, వెలికొండల చేరువలో ఉన్న ఊరు కలువాయి. నదికి ఉత్తరాన ఆత్మకూరు, దానికి వాయవ్యంగా ఉదయగిరి. ఈ మూడింటి నడుమ వ్యాపించిన మెట్టసీమ పేరుకు ఎడారి కాదు. కాని చైత్రం దాటిన తరువాత ఇక్కడ వీచే పొడిగాలిని, కాలిన రాతి గుట్టల సెగను ఎరిగినవారికి ఎడారి అనే మాట అతిశయోక్తిగా తోచదు. కలువాయి భూమధ్యరేఖకు ఉత్తరాన సుమారు 14½ డిగ్రీల దూరంలో ఉన్నది. అందుచేత ఏప్రిల్ చివరి రోజులలో ఒకసారి, ఆగస్టు రెండో వారంలో మరొకసారి మధ్యాహ్న సూర్యుడు సరిగ్గా నడినెత్తిన నిలుస్తాడు. ఈ రెండు తేదీల మధ్య కాలంలో ఎండ గోడలమీద కంటె కప్పుమీదనే ఎక్కువగా పడుతుంది. ఈ సీమలో ఇంటి సుఖదుఃఖాలను నిర్ణయించేది కప్పే. పూర్వికులకు ఈ లెక్క పుస్తకాల ద్వారా తెలియకపోయినా వారి ఇళ్ళు దానిని ఎరిగే కట్టబడినాయి.

వెలికొండలకు అవతల కడప సీమలో విరివిగాను, ఇవతల కలిగినవారి ఇళ్ళలోను కనిపించిన మట్టిమిద్దె నిర్మాణాన్ని గమనించండి. రాయి, మట్టి కలిపి పెట్టిన గోడ మూరెడు మందానికి తక్కువ ఉండదు. గోడలమీద దూలాలు, దూలాలమీద దంతెలు, వాటిపై దగ్గరదగ్గరగా పరచిన కట్టెలు, ఆ పైన ఆకులు, కంప, బోద. అన్నింటిమీద జానెడుకు పైగా మట్టి, చివరన నీరు ఇంకనివ్వని చవుడు. మధ్యలో గవాక్షి ఒకటి. పొగ, వేడిగాలి దాని గుండా పైకి పోతాయి, వెలుతురు లోనికి దిగుతుంది. పేదవానికి ఈ మిద్దె లేదు. అతనికి బోదతోనో తాటాకుతోనో కప్పిన పూరిల్లే గతి. అయితే ఎండ విషయంలో పేదవాడేమీ నష్టపోలేదు. పొరలు పొరలుగా గాలిని బంధించి ఉంచే గడ్డికప్పు గుండా వేడి ప్రసరించే వేగం కాంక్రీటులో కంటె సుమారు ఇరవై రెట్లు తక్కువ. అతని భయమల్లా నిప్పు, వాన.

ఇక్కడ రెండు వేర్వేరు సంగతులను విడదీసి చూడాలి. గడ్డికప్పు వేడిని అడ్డగిస్తుంది. నేడు ఇన్సులేషన్ అని పిలుస్తున్నది అదే. మందపు మట్టిగోడ చేసే పని వేరు. అది వేడిని అడ్డగించడం కంటె ఆలస్యం చేయడంలో దిట్ట. మధ్యాహ్నం గోడకు తగిలిన సెగ లోపలికి చేరేసరికి పది పన్నెండు గంటలు గడుస్తాయి. అప్పటికి రాత్రి చల్లబడి ఉంటుంది, ఇంటివారు మిద్దెమీదికో పంచలోకో చేరి ఉంటారు. పగలు తలుపులు మూసి, రాత్రి తెరచే మన అమ్మమ్మల అలవాటు ఈ ఆలస్యాన్ని వాడుకొనే ఉపాయమే. ఇప్పుడు దీనికి విరుద్ధంగా, గాలి కోసమని మిట్టమధ్యాహ్నం కిటికీలు బార్లా తెరచి వడగాలిని ఇంటిలోకి ఆహ్వానించేవారే ఎక్కువ.

ఎండనుండి రక్షణను దివ్య ఖుర్ఆన్ అల్లాహ్ అనుగ్రహాలలో ఒకటిగా లెక్కించింది. నహ్ల్ సూరా 80, 81 ఆయతులలో నివాస గృహాలు, తోలు గుడారాలు, నీడలు, కొండలలోని ఆశ్రయాలు, వేడినుండి కాపాడే దుస్తులు వరుసగా ప్రస్తావించబడినాయి. మదీనాలో దైవప్రవక్త (స) నిర్మించిన మస్జిద్ పచ్చి ఇటుకల గోడలతో, ఖర్జూరపు మొద్దుల స్తంభాలతో, ఖర్జూరపు మట్టల కప్పుతో వెలసినది. ఒక రమజాను రాత్రి వర్షానికి ఆ కప్పు కారగా, నీటిలో, బురదలో సజ్దా చేసిన వైనం హజ్రత్ అబూ సయీద్ ఖుద్రీ (రజి) హదీసులో ఉన్నది. మట్టిమిద్దె కింద బ్రతికిన వారెవరికీ ఆ దృశ్యాన్ని విడమరచి చెప్పనక్కరలేదు. ఆరుబయట మిద్దెమీద నిద్రించే అలవాటు ఆనాటి అరబ్బులకు ఎంత సహజమో, పిట్టగోడ లేని మిద్దెపై పడుకోరాదన్న హెచ్చరికతో కూడిన అబూ దావూద్ హదీసు తెలుపుతున్నది. తీవ్రమైన ఎండలో జుహర్ నమాజును కొంత చల్లబడేవరకు ఆలస్యం చేయమన్న ఆదేశం బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోను గలదు. ప్రవక్త (స) సతీమణుల గదులు చేయి చాస్తే కప్పు అందేటంత సాదాగా ఉండేవని హసన్ బస్రీ చెప్పినారు. ఉమయ్యద్ ఖలీఫా వలీద్ కాలంలో మస్జిద్ విస్తరణకై ఆ గదులను పడగొట్టినప్పుడు, రాబోయే తరాలవారు చూడడానికి వాటిని అలాగే ఉంచి ఉంటే బాగుండునని సయీద్ బిన్ ముసయ్యిబ్ విచారించినట్లు ఇబ్నె సాద్ నమోదు చేసినారు.

తరువాతి శతాబ్దాలలో ముస్లిం నగరాలు ఈ విద్యను ఎంతో ముందుకు తీసుకొనిపోయినాయి. యజ్ద్ పట్టణపు గాలిబురుజులు, కైరో ఇళ్ళలో ఉత్తరపు గాలిని పట్టి కిందికి దింపే మల్కఫ్‌లు, ఇరాక్ ఇళ్ళ భూగర్భపు సర్దాబులు ప్రసిద్ధమైనవే. అంతగా తెలియనిది బగ్దాద్ ఖైష్. అబ్బాసీ ఖలీఫా మన్సూర్ (754–775) కోసం వేసవిలో ముతక గుడ్డను నీటితో తడిపి గదికి కట్టేవారని తబరీ చరిత్ర చెబుతుంది. అంతకు పూర్వం పర్షియన్ రాజులు వేసవి గదికి ప్రతిదినం తడిమట్టి పూయించేవారట. హిందూస్తాన్‌లో ఈ తడిగుడ్డ స్థానాన్ని వట్టివేరు ఆక్రమించింది. వట్టివేళ్ళ తడికెలు కట్టి నీరు చల్లే ఖస్‌ఖానాను అక్బరు పాదుషా ప్రవేశపెట్టినాడని అబుల్ ఫజల్ ఆయినె అక్బరీలో వ్రాసినాడు. అక్బరు తాత బాబరుకు ఈ దేశపు ఎండ, గాలి, దుమ్ము మూడూ గిట్టలేదు. మూడింటికీ హమ్మామే మందన్నాడు. ఆగ్రాలో తోట వేయించి, మెట్లబావి తవ్వించి, దానిలో నేల అడుగున గదులు కట్టించుకొన్నాడు.

పాదుషాల ముచ్చట్లు అలా ఉండగా, ఉదయగిరి కొండమీద ఇదే తీరు చిన్న నిదర్శనం ఉన్నది. గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా (1626–1672) అధికారి షేక్ హుసేన్ అక్కడ మస్జిద్ కట్టించి, తోట కూడ నాటించినట్లు రెండు పారశీక శాసనాలవల్ల తెలుస్తున్నది. ఎండకు మాడే ఆ రాతికొండమీద మస్జిద్‌తోబాటు తోటను కూడ శాసనంలో చెప్పదగిన కార్యంగా ఎంచడం గమనించదగినది. చెట్టునీడ ఆనాడు అలంకారం కాదు, భవనంలో ఒక భాగం.

ఇక ఈ కథలోని ప్రధానమైన మలుపునకు రావాలి. అది కువైట్. కడప, నెల్లూరు పడమటి తాలూకాలనుండి దశాబ్దాలుగా వేలాదిమంది బ్రతుకుతెరువుకై వెళ్ళిన దేశం అది. చమురుకు పూర్వపు కువైట్ ఇంటిని కలువాయి మిద్దె పక్కన నిలబెట్టి చూస్తే అన్నదమ్ములవలె ఉంటాయి. అక్కడా మందపు మట్టిగోడలే. దూలాలకు తూర్పు ఆఫ్రికా తీరంనుండి ఓడలమీద వచ్చిన చందల్ అనే మడకట్టెలు, వాటిపై చీల్చిన వెదురు బద్దలు, ఆపైన రెల్లు చాపలు, అన్నింటిమీద మట్టి. మన దంతెలు, కంప, బోద, చవుడు వరుసనే అక్కడి సరుకుతో పేర్చినారు. ఇల్లు బయటికి మూసుకొని లోపలి ముంగిలివైపు తెరచుకొనేది. దానివల్ల స్త్రీల పరదా, నీడ రెండూ సమకూరేవి.

1946లో కువైట్ చమురు ఎగుమతి మొదలైనది. 1952లో ఆంగ్లేయ నిపుణులు పట్టణానికి కొత్త పథకం గీసినారు. మట్టిఇళ్ళ పేటలు నేలమట్టమైనాయి, 1957లో పాత ప్రాకారం కూడ పడగొట్టబడింది. కాంక్రీటు విల్లాలు, అద్దాల గోడలు లేచినాయి. వాటిలో మనుషులు నివసించగలగడానికి కారణం ఒక్కటే, ఎయిర్ కండిషన్ యంత్రం. కరెంటు కారుచౌక గనుక చాలాకాలం ఎవరికీ చింత పుట్టలేదు. చివరకు వేసవి మధ్యాహ్నాలలో దేశం వాడుకొనే విద్యుత్తులో సుమారు 70 శాతం చల్లదనానికే పోయే స్థితి వచ్చింది. అప్పుడు ప్రభుత్వం మేల్కొన్నది. 1983లో విద్యుత్, జల మంత్రిత్వశాఖ గృహనిర్మాణంలో ఉష్ణ నిరోధాన్ని తప్పనిసరి చేస్తూ నియమావళి తెచ్చింది. గల్ఫ్ దేశాలలో ఈ పనికి పూనుకొన్న మొదటి దేశాలలో కువైట్ ఒకటి. ఆ నియమం ప్రకారం కప్పు గుండా, చదరపు మీటరుకు, లోపలికీ బయటికీ గల ఒక్కొక్క డిగ్రీ తేడాకు 0.397 వాట్లకు మించి వేడి దిగరాదు. గోడకు ఈ హద్దు 0.568. ఏ రక్షణా లేని మామూలు స్లాబు గుండా దిగే వేడి ఈ కప్పు హద్దుకు ఏడెనిమిది రెట్లు ఉంటుంది. అప్పటినుండి అక్కడి స్లాబులపై నురుగు పలకలు, గోడల నడుమ ఇన్సులేషన్ పొరలు, గాలిబుడగల తేలిక దిమ్మెలు సాధారణమైనాయి. 2016 జూలై 21న మిత్రిబా వద్ద 53.9 డిగ్రీల వేడి నమోదైన దేశంలో ఇది విలాసం కాదు.

ఆ పలకలను పరచినవారిలో, ఆ దిమ్మెలను మోసినవారిలో తెలుగువారూ ఉన్నారు. వారు సంపాదించిన దినారులతో సొంత ఊళ్ళలో కట్టుకొన్న ఇళ్ళు మాత్రం వేరు తీరు. మట్టిమిద్దెను పడగొట్టి, తొమ్మిదంగుళాల ఇటుకగోడమీద నాలుగైదు అంగుళాల స్లాబు పోసి ఊరుకొన్నారు. ఇందుకు వారిని నిందించడం న్యాయం కాదు. ఏటేటా చవుడు పోసే పని, తుఫాను వానలకు కప్పు కారడం, దూలాలకు చెదలు, గోడల సందులలో తేళ్ళు, వీటన్నింటినీ సహించిన తల్లిదండ్రులకు పక్కా ఇల్లు కట్టి ఇవ్వాలనే కోరిక ఎంతో గౌరవనీయమైనది. 1985లో మొదలైన ఇందిరా ఆవాస్ యోజనవంటి ప్రభుత్వ పథకాలు కూడ పక్కా ఇంటినే ఆదర్శంగా నిలిపినాయి. అయితే మట్టిమిద్దెలో వానకు పనికిరానిదీ, ఎండకు అక్కరకువచ్చేదీ ఒకే మట్టిపొర. మొదటి దోషం పోవాలని దాన్ని తీసివేసినప్పుడు రెండో గుణం కూడ పోయింది. దాని స్థానంలో మరేదీ పెట్టలేదు. కొడుకు పరాయిదేశంలో ఇన్సులేషన్ ఉన్న గోడ కడుతుండగా, ఇంటివద్ద ముసలితల్లి సాయంత్రం ఆరు గంటలకు నిప్పుల పళ్ళెం వంటి స్లాబు కింద కూర్చున్నది. పరదా పాటించే స్త్రీలకు, మంచం పట్టిన వృద్ధులకు మధ్యాహ్నం చెట్టుకింద కూర్చొనే వెసులుబాటు కూడ లేదు. 2015 మే నెల వడగాలులకు దేశంలో రెండువేలమందికి పైగా మరణించినారు, వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలవారే.

ఈ తేడాను కొలిచి చూపిన ముస్లిం వాస్తుశిల్పి ఈజిప్టుకు చెందిన హసన్ ఫత్హీ. లక్సర్ ఎదుట కొత్త గుర్నా గ్రామాన్ని పచ్చి ఇటుకలతో నిర్మించి పేరుగాంచిన వ్యక్తి. 1964 మార్చిలో కైరోలో రెండు నమూనా గదులను పరీక్షించినారు. మట్టి ఇటుకల గదిలో రాత్రింబవళ్ళు కలిపి రెండు డిగ్రీలకు మించి మార్పు రాలేదు. కాంక్రీటు పలకల గదిలో వేడి 36 డిగ్రీలకు ఎగబ్రాకింది, అంటే బయటి గాలికంటె 9 డిగ్రీలు ఎక్కువ. నీడకని కట్టిన గది ఆరుబయటికంటె వేడెక్కిందన్నమాట. 1980లో ఆగాఖాన్ వాస్తు పురస్కార సంఘం ఫత్హీని సత్కరించింది. ఆయన గ్రామంలో నివసించడానికి మాత్రం గుర్నా రైతులు పెద్దగా మొగ్గు చూపలేదు. పండితులు మట్టిని ప్రేమించినంతగా మట్టిలో పుట్టినవారు ప్రేమించరు. కలువాయిలోనైనా అంతే. మట్టిమిద్దెలు తిరిగి రావు. ప్రశ్న స్లాబును ఎలా బాగుచేసుకోవాలన్నదే.

భారత ప్రభుత్వం 2018 డిసెంబరులో విడుదల చేసిన ఎకో నివాస్ సంహిత ఇళ్ళ కప్పుకు పైన చెప్పిన కొలతలో 1.2 వాట్ల హద్దు పెట్టింది. కువైట్ నియమంకంటె ఇది మూడు రెట్లు సడలింపు. పైగా 500 చదరపు మీటర్లు, ఆపైన ఉన్న స్థలాలలోని ఇళ్ళకే వర్తిస్తుంది. మెట్టసీమ పల్లెలలోని చిన్న ఇల్లు దాని పరిధిలోకి రాదు. తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన చల్లని కప్పుల విధానం తెల్లని, ఎండను తిప్పికొట్టే పూతలమీద ఆధారపడింది. సున్నం వేయడమంటే అదే గదా! చట్టం వచ్చేవరకు ఆగనక్కరలేని పని ఇది.

అన్నింటికంటె సులువైనది ఫాల్గుణంలోగా స్లాబుమీద చిక్కని సున్నం రెండు పూతలు. దుమ్ము పట్టి నల్లబడిన సున్నం పనిచేయదు గనుక ఏటా వేయాలి. కొంచెం ఖర్చు పెట్టగలవారు పాత మద్రాసు మిద్దెల పద్ధతిలో ఇటుకముక్కల సున్నపు కాంక్రీటును నాలుగంగుళాల మందాన పరచి, పైన పెంకులు పొదిగించవచ్చు. మట్టికుండలను స్లాబుమీద బోర్లించి, సందులు పూడ్చి, పైన గచ్చు చేసే పద్ధతి కూడ ఉన్నది. కుండలోని గాలే అక్కడ ఇన్సులేషన్. గల్ఫ్‌లో వాడే నురుగు పలకలు ఇప్పుడు పట్టణాలలో దొరుకుతున్నాయి. వాటిని గది లోపలి పైకప్పుకు అంటించడం కంటె స్లాబు పైన వేసి, తేమ తగలకుండా గచ్చు కప్పడం మేలు. అప్పుడు స్లాబే వేడెక్కదు. ఏదీ కుదరనివారికి మిద్దెమీద తాటాకు పందిరి ఉండనే ఉన్నది, గాలికి లేవకుండా గట్టిగా కట్టితే చాలు. కప్పు పని ముగిసిన తరువాతనే పడమటి గోడ సంగతి చూడాలి. దానికి వేపచెట్టు నీడ చాలు.

కువైట్ 29 డిగ్రీల అక్షాంశంలో ఉన్నది. అక్కడ సూర్యుడు ఏనాడూ సరిగ్గా నడినెత్తికి రాడు. అయినా గోడకంటె కప్పుకే అక్కడి చట్టం కఠినమైన హద్దు విధించింది. ఏటా రెండుసార్లు సూర్యుడు తలమీద నిలిచే కలువాయిలో, కప్పుపై ఏ రక్షణా లేని కొత్త స్లాబులు ఇప్పటికీ లేస్తూనే ఉన్నాయి.