పెనుకొండ దుర్గంలో సైనికావాసాలు: నిర్మాణ సామగ్రి పునర్వినియోగం

1. ఉపోద్ఘాతం

ధర్మవరం, హిందూపురం పట్టణాల నడుమ ఉన్న పెనుకొండకు ఘనగిరి అనే సంస్కృత నామం కూడా ఉంది. మొదటి బుక్కరాయలు ఈ సీమను తన కుమారుడు విరుపణ్ణ ఒడెయరుకు అప్పగించినట్లు కోట ఉత్తర ద్వారం వద్ద ఉన్న శాసనం తెలుపుతుంది. 1565 నాటి యుద్ధం తరువాత తిరుమలరాయలు రాజధానిని ఇక్కడికి మార్చాడు. ఈ దుర్గాన్ని గురించిన రచనలు ఎక్కువగా రాజులనూ ముట్టడులనూ పట్టించుకున్నాయి. కొండపై కావలి కాసిన సామాన్య సైనికుడు ఎక్కడ తలదాచుకున్నాడన్న ప్రశ్నను ఈ వ్యాసం ముందుకు తెస్తుంది.

2. రాయి, మన్ను, కలప

గిరిదుర్గ నిర్మాణంలో మొదటి సమస్య మోత. అందువల్ల రాయిని కొండమీదే కొట్టేవారు. సహజమైన గుండ్లను గోడలో భాగం చేసుకొనేవారు. రాయి తీసిన గుంత వాననీటికి దొనగా ఉపయోగపడేది. ఒక పని మిగిల్చినది మరొక పనికి ముడిసరుకు అయ్యేది.

నివాసాల విషయంలో రాయలసీమ మట్టిమిద్దె మనకు ఆధారం. మందమైన గోడలు, దూలాలు, దంతెలు, పైన మన్ను, వాన దిగకుండా చౌడు: ఇదీ దాని కట్టడి. మందపాటి మట్టిగోడ పగటి ఎండను వెంటనే లోపలికి రానివ్వదు. రాత్రి చలిలో ఆ వేడిని నెమ్మదిగా వదులుతుంది. మిద్దె పాతబడితే దూలాలు, తలుపులు, రాళ్లు కొత్త ఇంటికి చేరతాయి. గోడమన్నును తడిపి మళ్లీ వాడతారు. సైనికుల వసతులు కూడా ఇటువంటివే అయితే, 1592 ప్రాంతంలో రాజధాని చంద్రగిరికి తరలిన తరువాత వాటి సామగ్రి ఊళ్లలోకి చేరి ఉంటుందని ఊహించవచ్చు. కోటగోడ నిలిచి, సైనికుడి ఇల్లు కనుమరుగు కావడానికి ఇది ఒక కారణం కావచ్చు.

3. నేటి అన్వయం

మోత సమస్య నేటికీ తీరలేదు. హైదరాబాదు ఐఐటీ, సింప్లీఫోర్జ్ సంస్థ, భారత సైన్యం కలిసి లేహ్‌లో 11,000 అడుగుల ఎత్తున త్రీడీ ముద్రణతో బంకరు నిర్మించినప్పుడు స్థానిక సామగ్రినే వాడుకున్నాయి. సాధనం మారింది, సూత్రం పాతదే.

4. ముగింపు

ఆనవాళ్లు లేకపోవడం ఆవాసాలు లేవనడానికి సాక్ష్యం కాదు. బండలపై దూలపు గుంతలు, రోళ్లు, దొనల స్థానాలను నమోదు చేస్తే కావలివారి జీవనం కొంతైనా తెలుస్తుంది. సిమెంటు కప్పుల వల్ల మిద్దెలు తగ్గిపోతున్నాయి. చౌడు పరచడం తెలిసిన పెద్దల అనుభవాన్ని ఇప్పుడే సేకరించకపోతే, ఆ ఆనవాళ్లను చదివే విద్య కూడా మనకు మిగలదు.