కుండ ఎవరి చేతిలో ఉంది?

బీరు అనగానే ముక్కు మూసుకోకండి. నేను మిమ్మల్ని తాగమనటం లేదు, కాయమని అసలే అనటం లేదు. మన రాష్ట్రంలో లైసెన్సు లేకుండా ఇంట్లో కాచటం నేరం కూడానూ. నేను చెప్పబోయేది ఒక వంటకం కథ. వంటింట్లో పుట్టి, వీధిన పడి, చివరికి ఎన్నో వంటిళ్లలో పొయ్యి ఆర్పిన వంటకం అది.

అమెరికాలో ఉన్న మా మేనల్లుడు ఆమధ్య కొండపల్లి వచ్చినప్పుడు, అక్కడ తను ఇంట్లో బీరు ఎలా కాస్తాడో పూసగుచ్చినట్టు చెప్పాడు. డబ్బాలో దొరికే పాకంతో కాదట, అచ్చంగా గింజలతోనే. బార్లీని నానబెట్టి, మొలక రానిచ్చి, వేడిగాలికి ఆరబెట్టిన మాల్టు కొనుక్కుంటాడు. దాన్ని బరకగా విసిరి 65 డిగ్రీల వేడినీళ్లలో గంటసేపు ఉంచితే గింజలోని పిండి చక్కెరగా మారుతుంది. ఆ తియ్యటి నీళ్లు వడకట్టి, హాప్స్ అనే చేదుపూలు వేసి మరిగించి, చల్లార్చి, ఈస్టు కలిపి రెండువారాలు కదపకుండా ఉంచుతాడు.

"వేడిమీద ఈస్టు వేస్తే చచ్చిపోతుంది అత్తయ్యా" అన్నాడు.

పక్కనే ఉన్న మా అమ్మ నవ్వింది. "ఇందులో కొత్తేముందిరా? చిన్నప్పుడు నీకు కాచిపోసిన రాగిమాల్టూ ఇంతేగా! మొలక కట్టి, ఎండబెట్టి, వేయించి విసిరేదాన్ని. పాలు వేడిగా ఉండగా తోడెయ్యకూడదని అమెరికావాళ్లు చెప్పాలా?"

అమ్మ మాటలో చరిత్ర ఉంది. మన ఇళ్లలో తరవాణి కుండ ఉండేది. గంజి పులిసే గుణం తెలిసిన చేతులు అవి. ప్రపంచంలో చాలాచోట్ల గింజని పులియబెట్టి పానీయం చేసిందీ ఆ చేతులే. దాదాపు మూడువేల ఎనిమిది వందల ఏళ్లనాటి సుమేరియా మట్టిపలకల మీద బీరుకి అధిదేవత నిన్కాసి, ఆడదేవతే! ఇంగ్లండులో 1300 ప్రాంతంలో బీరు కాచి అమ్మినవాళ్లు ఎక్కువమంది ఇల్లాళ్లే. హాప్స్ వచ్చి బీరు నిలవ ఉండటం మొదలయ్యాక పెద్ద పీపాలూ, పెద్ద పెట్టుబడీ కావాల్సొచ్చాయి. 1600 నాటికి ఆ పని మగవాళ్ల చేతికి పోయింది.

మన కౌటిల్యుడు మాత్రం తక్కువవాడా? మద్యం మీద ఓ అధికారినే నియమించాడు. బియ్యంతో చేసే 'మేదకా'నికి కొలతలు రాశాడు. కిణ్వానికి కావలసిన దినుసులు ఆడవాళ్లూ పిల్లలూ సమకూర్చాలన్నాడు. అయినా శుభకార్యాలకి గృహస్థులు తెల్లసుర ఇంట్లో చేసుకోవచ్చని వెసులుబాటూ ఇచ్చాడు. మన ఏజెన్సీ పొరుగున ఉన్న బస్తరు సంతల్లో బియ్యంతో చేసిన లందాని ఆడవాళ్లే కుండల్లో పెట్టుకుని అమ్ముతారు.

ఇంగ్లీషువాళ్లు ఆ వెసులుబాటూ ఉంచలేదు. కొండపల్లి బొమ్మల్లో తాడిచెట్టెక్కిన గీతగాణ్ణి చూసి ముచ్చటపడతాం గానీ, 1879లో రంప కొండల్లో ఫితూరీ లేవటానికి ఒక ముఖ్యకారణం ఆ కల్లే. సొంతానికి గీసుకునే కల్లు మీద కూడా పన్ను వేశారు. 1886లో మద్రాసు ఆబ్కారీ చట్టం వచ్చింది. అప్పట్నించీ కుండ సర్కారుది, పాట కంట్రాక్టరుది.

స్వతంత్రం వచ్చాకా పాటలు ఆగలేదు. 1980లలో 'వారుణి వాహిని' పేరుతో సారా ప్యాకెట్లలో ఊరూరా తిరిగింది. కూలిడబ్బులు ఇంటికి చేరకముందే దుకాణానికి చేరాయి. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకోవటానికి కూచున్న ఆడవాళ్లు, రోశమ్మ ముందు నిలవగా, దుకాణం మూయించారు. 1992లో ఆ గాలి రాష్ట్రమంతా వీచింది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో సడలించేశారనుకోండి!

ఇల్లాలి కుండ రోజుల్లో తాగి తందనాలాడినవాళ్లు లేరని నేననను. కానీ ఆ కుండలో ఎన్ని గింజలు పొయ్యాలో, ఎన్ని పిల్లల గంజికి దాచాలో ఆమె చెయ్యి నిర్ణయించేది. ప్యాకెట్టు వచ్చాక లెక్క ఇంకెవరో చూశారు, అప్పు మాత్రం ఆమె తీర్చింది. దూబగుంట ఆడవాళ్లు కోపగించింది గింజ మీద కాదు, ఆ లెక్క మీద.